తాళం గట్టిదే, ఫోను ఎవరి చేతిలో?

కృష్ణమ్మ సముద్రంలో కలిసే హంసలదీవికి పొరుగునే ఉన్న ఊరు పాలకాయతిప్ప. దివిసీమలోని ఆ తీరాన బతుకంతా వల మీద, చెరువుల మీద నడుస్తుంది. ఈ మధ్య అక్కడికి వెళ్లినప్పుడు డిగ్రీ చదువుతున్న యానాది కుర్రవాడొకడు తన ఫోను చూపించి అడిగాడు: ‘సార్, మన మెసేజీలు బయటివాళ్లెవరూ చదవలేరని వాట్సాప్‌లో రాసుంటది కదా, నమ్మొచ్చా?’ నమ్మవచ్చనే చెప్పాను. అతడు నవ్వాడు. ‘మా నాన్న రొయ్యల చెరువు కాడ కాపలా ఉంటాడు సార్. ఓసారి సరుకు పోయిందని ఆసామి ముందు మా నాన్న ఫోనే లాక్కుని అంతా చదివాడు. ఇంకేం తాళం సార్?’

నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. నిజానికి మేమిద్దరం చెప్పిందీ సరైనదే.

వాట్సాప్‌లో ఎండ్‌-టు-ఎండ్‌ ఎన్‌క్రిప్షన్‌ 2016 ఏప్రిల్‌లో పూర్తిగా అమల్లోకి వచ్చింది. సందేశం పంపినవారి ఫోనులోనే రహస్య సంకేతంగా మారి, అందుకున్నవారి ఫోనులోనే తిరిగి అక్షరాలవుతుంది. తాళంచెవులు ఆ ఫోన్లలోనే ఉంటాయి గనుక మధ్యలో మోసే కంపెనీ కూడా దాన్ని చదవలేదు. ఎవరు ఎవరితో ఎప్పుడు మాట్లాడారన్న వివరాలకు మాత్రం ఈ రక్షణ లేదు. బ్యాకప్‌కు ఇదే తాళం వేసుకునే వీలు 2021లో గాని రాలేదు. ఇప్పటికీ దాన్ని వాడేవారే ఎంచుకోవాలి.

ఈ గణితానికి కులం తెలియదు. చెరువు ఆసామి సందేశానికీ, కాపలాదారు సందేశానికీ ఒకే తాళం వేస్తుంది. మన సమాజంలో ఇంత సమానంగా అందే రక్షణలు అరుదు. అయితే తాళంచెవి ఉన్న ఫోను ఒక మనిషి చేతిలో ఉంటుంది. ‘లాక్‌ తియ్‌’ అన్నప్పుడు తీయనని చెప్పగల ధైర్యం, చెప్పాక క్షేమంగా ఇంటికి వెళ్లగల భరోసా ఆ మనిషి పుట్టుకను బట్టి మారుతున్నాయి.

పుట్టుకను బట్టి అనుమానించడం ఈ తీరానికి కొత్త కాదు. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికి విస్తరించారు. ఎరుకలను స్టువర్టుపురం సెటిల్‌మెంటులో పెట్టి హాజరు వేయించుకున్నారు. చట్టం పోయింది, దాని చూపు పోలేదు. దొంగతనం జరిగితే ముందు ఎవరి గుడిసె వెతికేవారో, ఇవాళ ముందు వారి ఫోనే వెతుకుతున్నారు. 2021 అక్టోబరులో హైదరాబాద్‌ వీధుల్లో పోలీసులు దారినపోయే కుర్రాళ్లను ఆపి, వారి చాట్లలో ‘గంజాయి’ అన్న మాట కోసం గాలించిన వీడియోలు అందరం చూశాం. అక్కడ ఏ సంకేతాన్నీ ఛేదించాల్సిన పని పడలేదు.

చదువు, హోదా ఉన్నా ఈ చూపు తప్పదు. 2018 ఆగస్టు 28న భీమా కోరేగావ్‌ కేసు పేరుతో పుణే పోలీసులు ఇఫ్లూ ఆచార్యుడు, దళిత సాహిత్య పరిశోధకుడు కె.సత్యనారాయణ ఇంటిని సోదా చేశారు. ఇంట్లో దేవుళ్ల పటాలకు బదులు ఫూలే, అంబేడ్కర్‌ ఫొటోలెందుకున్నాయని అడిగారని ఆయనే పత్రికలకు చెప్పారు. వాట్సాప్‌ ద్వారా పెగాసస్‌ నిఘా గురి పెట్టిన వారిలో దళిత మేధావి ఆనంద్‌ తేల్‌తుంబ్డే కూడా ఉన్నారని 2019లో బయటపడింది. ఆ నిఘా సాధనం తాళాన్ని పగలగొట్టలేదు. ఫోనులోనే చొరబడి కూర్చుంది.

రహస్యం ఉంటే కులోన్మాదులూ దాని చాటున దాక్కోరా అన్నది న్యాయమైన ప్రశ్నే. 2022 మే 24న కోనసీమ జిల్లాకు అంబేడ్కర్‌ పేరు పెట్టడాన్ని వ్యతిరేకిస్తూ అమలాపురంలో మంత్రి పినిపే విశ్వరూప్‌ ఇంటికి నిప్పు పెట్టినవారిని కూడగట్టింది వాట్సాప్‌ గ్రూపులే. కానీ ఆ తర్వాత పోలీసులు నిందితులను ఆ గ్రూపుల సభ్యత్వాలు, వీడియోల ఆధారంగానే గుర్తించారు. ఎన్‌క్రిప్షన్‌ దర్యాప్తుకు అడ్డం కాలేదు. ఇంటర్నెట్‌ నిలిపివేత బాధ మాత్రం ఆ ప్రాంతంలోని దళితులతో సహా అందరూ అనుభవించారు.

అయినా 2021 ఐటీ నిబంధనలు, కోర్టు లేదా అధీకృత ప్రభుత్వ అధికారి ఆదేశిస్తే సందేశాన్ని మొదట పంపినదెవరో పెద్ద మెసేజింగ్‌ వేదికలు చెప్పాలంటున్నాయి. దీన్ని వాట్సాప్‌ ఢిల్లీ హైకోర్టులో సవాలు చేసింది. ఎన్‌క్రిప్షన్‌ను ఛేదించాల్సి వస్తే దేశం నుంచే వెళ్లిపోతామని 2024 ఏప్రిల్‌లో వాదించింది. అంత పెద్ద కంపెనీకి వెళ్లిపోతామనే వెసులుబాటు ఉంది. దౌర్జన్యాన్ని వీడియో తీసి పది మందికి పంపిన వాడకుర్రాడు ఎక్కడికి వెళ్తాడు? ‘మొదట పంపినవాడు’ అనే ముద్ర ముందుగా పడేది అతని మీదే.

అందుకే రెండు పోరాటాలు కలిసి సాగాలి. ఒకటి, ఈ తాళాన్ని బలహీనపరిచే నిబంధనలను వ్యతిరేకించడం. రెండవది, ఫోను సోదాకు చట్టపు గీత గీయించడం. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తేల్చింది. డిజిటల్‌ పరికరాల స్వాధీనానికి మార్గదర్శకాలు రూపొందించాలని 2023 నవంబరులో కేంద్రానికి చెప్పింది. ఆ రక్షణ విలేకరులకూ ఆచార్యులకూ పరిమితం కాకూడదు. న్యాయమూర్తి రాతపూర్వక అనుమతి లేకుండా ఎవరి ఫోనూ తెరవకూడదన్న నియమం రావాలి. ఇక ఆసామికైతే ఆ అధికారాన్ని ఏ చట్టమూ ఇవ్వలేదు, కులమే ఇచ్చింది. దాన్ని ప్రశ్నించడం మన దళిత, ఆదివాసీ, బీసీ విద్యార్థి సంఘాల ఎజెండాలోకి రావాలి.

పాలకాయతిప్ప కుర్రవాడికి ఇప్పుడు నా జవాబు ఇది: తాళాన్ని నమ్ము నాయనా. అది నిన్నూ ఆసామినీ సమానంగానే చూస్తుంది. మీ నాన్న ఫోను మీద చెయ్యి వేసినవాణ్ణి ‘ఏ హక్కుతో?’ అని అడిగే రోజు తెచ్చుకోవడం మాత్రం ఏ కంపెనీ పనీ కాదు, మనందరి పని.