వెల తెలిసిన ఆటగాడు

అమెరికా దేశంలో కాన్సాస్ అనే రాష్ట్రం గోధుమ పంటకు పేరుపొందింది. అక్కడ మాన్‌హట్టన్ అనే ఒక పట్టణం ఉంది. న్యూయార్కులో ఆకాశాన్నంటే మేడలున్న మాన్‌హట్టన్ వేరు, ఇది వేరు. చుట్టూ పచ్చిక మెట్టలు, పశువుల మందలు, యాభై వేల పైచిలుకు జనం. 1863లో పుట్టిన కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయం వల్లనే ఆ ఊరికి పేరు వచ్చింది. మన తెలుగు రైతు కుటుంబాలకు కూడా ఆ విశ్వవిద్యాలయంతో పాత సంబంధం ఒకటుంది. 1964లో రాజేంద్రనగర్‌లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడిన తొలి సంవత్సరాలలో అమెరికా ప్రభుత్వ సహాయ పథకం క్రింద దానికి చేయూతనిచ్చినవారు కాన్సాస్ స్టేట్ ఆచార్యులే.

ఆ ఊరివారికి చలికాలమంతా బాస్కెట్‌బాల్ ఆటే పండుగ. కాలేజీ జట్టు ఆడుతుందంటే తాతలు, మనుమలు ఊదారంగు చొక్కాలు తొడుక్కొని బయలుదేరతారు. ఆటగాళ్లు వారికి సినిమా తారలవంటివారు కారు, ఇంటి పిల్లలవంటివారు. కనుకనే ఒక ఆటగాడు డబ్బు కోసం జట్టు విడిచి వెళ్లాడన్న వార్త వచ్చినప్పుడు, అది వారికి ఆటల వార్తగా కాక ఇంటి వార్తగా వినిపిస్తుంది.

వెళ్లిపోయిన కుర్రవాడు

2022లో అటువంటి వార్త ఒకటి వచ్చింది. నైజెల్ ప్యాక్ అనే యువకుడు కాన్సాస్ స్టేట్ తరఫున రెండు సంవత్సరాలు ఆడాడు. రెండవ సంవత్సరం ఆటకు సగటున 17 పాయింట్లకు పైగా సంపాదించి, తమ పోటీ మండలిలోని మేటి ఆటగాళ్లలో ఒకడుగా ఎంపికయ్యాడు. ఆ మార్చి నెలలో అతని కోచ్ బ్రూస్ వెబర్ పదవి విడిచాడు. తరువాత ప్యాక్ కూడా బదిలీ కోరుకునే ఆటగాళ్ల జాబితాలో తన పేరు వ్రాయించుకున్నాడు. ఏప్రిల్‌లో ఫ్లోరిడా రాష్ట్రంలోని మయామీ విశ్వవిద్యాలయంలో చేరుతున్నట్లు ప్రకటించాడు.

కాలేజీ మారడం కొత్త సంగతేమీ కాదు. కొత్త సంగతి ఏమిటంటే, మయామీ జట్టు అభిమానియైన జాన్ రూయిజ్ అనే వ్యాపారి తన కంపెనీ ప్రచారం కోసం ప్యాక్‌తో ఒప్పందం చేసుకున్నానని బహిరంగంగా చెప్పాడు. రెండు సంవత్సరాలకు ఎనిమిది లక్షల డాలర్లు, దానితోపాటు ఒక కారు. ఆనాటి లెక్కలో మన రూపాయలలో ఆరు కోట్లు దాటిన మాట. అంతవరకు ఇటువంటి మొత్తాలు చాటుగా వినిపించేవి. ఈసారి ఇచ్చినవాడే అంకెతో సహా చాటింపు వేశాడు.

అభిమానులలో కొందరు మండిపడ్డారు. మనం పెంచిన చెట్టు, కాయ కాసే వేళకు పక్కవాడి పెరటికి పోయిందన్నది వారి బాధ. మరికొందరు, ఇరవై ఏళ్ల కుర్రవానికి అంత డబ్బు ఇస్తామంటే వద్దనగల ఇల్లు ఏదైనా ఉందా అని అడిగారు. ఇంకొందరి బాధ ఇద్దరి మీదా కాదు. పెద్ద పట్టణాలలో ధనవంతులున్న కాలేజీలు ఇలా కొనుక్కుంటూ పోతే, పల్లెసీమల కాలేజీల గతి ఏమిటని వారి దిగులు. ఈ మూడు మాటలలోనూ కొంత నిజం ఉంది.

డబ్బు ఎప్పటినుండి ఉన్నది?

ఇక్కడ కొంచెం వెనుకటి సంగతి తెలుసుకోవాలి. అమెరికా కాలేజీ ఆటలను నడిపించే జాతీయ సంస్థ దీర్ఘకాలం ఒక నియమం పెట్టింది. ఆటగానికి చదువు ఖర్చు, బస, భోజనం వంటివి ఇవ్వవచ్చు. అంతకు మించి జీతమని ఇవ్వకూడదు, తన పేరు వాడుకొని సంపాదించుకోనివ్వకూడదు. వేరే కాలేజీకి మారితే బాస్కెట్‌బాల్ ఆటగాడు సామాన్యంగా ఒక సంవత్సరం ఆడకుండా కూర్చోవాలి. చదువుకొనే పిల్లలు డబ్బు కోసం ఆడకూడదన్నది దానికి చెప్పిన కారణం.

కాని ఆట చుట్టూ డబ్బు లేదనుకోవద్దు. ఏటా మార్చిలో జరిగే జాతీయ పోటీలను టీవీలో చూపించే హక్కు కోసం 2010లో కుదిరిన పద్నాలుగేళ్ల ఒప్పందం విలువ 1,080 కోట్ల డాలర్లు. కోచ్‌లకు లక్షల డాలర్ల జీతాలు. వారు ఒక కాలేజీ విడిచి మరొకదానికి వెళ్లితే ఒక్క ఆట కూడా పోగొట్టుకోరు. కెంటకీ జట్టును పదిహేనేళ్లు నడిపిన జాన్ కాలిపారి 2024 ఏప్రిల్‌లో ఆర్కాన్సాకు మారి, ఆ సంవత్సరమే కొత్త జట్టుతో మైదానంలో నిలిచాడు. ఆట నడిపే పెద్దలకు తెరిచి ఉన్న తలుపు, ఆడే పిల్లలకు మాత్రం మూసి ఉండేది.

2021లో ఆ తలుపు తెరుచుకున్నది. ఏప్రిల్‌లో మొదటిసారి కాలేజీ మారేవారు వెంటనే ఆడవచ్చునన్నారు. జూన్ 21న అమెరికా సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ఏకాభిప్రాయంతో, చదువుకు సంబంధించిన ప్రయోజనాలకు ఆ సంస్థ విధించిన పరిమితులు చెల్లవని తీర్పు చెప్పింది. జూలై 1 నుండి ఆటగాళ్లు తమ పేరు, బొమ్మ వాడుకొనేవారి దగ్గర డబ్బు తీసుకోవచ్చు. 2024లో, చదువులో వెనుకబడనంతవరకు ఎన్నిసార్లు మారినా వెంటనే ఆడవచ్చునన్నారు. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన మరొక ఒప్పందంతో కాలేజీలే నేరుగా ఆటగాళ్లకు డబ్బు పంచే ఏర్పాటు వచ్చింది. మొదటి సంవత్సరానికి ఒక్కొక్క కాలేజీకి సుమారు రెండు కోట్ల ఐదు లక్షల డాలర్ల దాకా అనుమతి.

ఈ డబ్బు కొంతవరకు వ్యాపారుల నుండి వస్తుంది. మరికొంత అభిమానులే సంఘాలుగా ఏర్పడి చందాలు వేసుకుంటే వస్తుంది. ఈ సంగతి ముఖ్యం. ఇదివరకు అభిమాని టిక్కెట్టు కొని చప్పట్లు కొట్టేవాడు. ఇప్పుడు అతడు ఆటగాని జీతానికి కూడా చేయి వేస్తున్నాడు. జీతమిచ్చినవాడు లెక్క అడుగుతాడు.

జీతం తెలిసినప్పుడు

ప్యాక్ సంగతికి మళ్లీ వద్దాం. అతని ఒప్పందపు మొత్తం బయటపడిన కొద్ది రోజులకే మయామీలో ఒక చిక్కు వచ్చింది. ఆ జట్టులో ముందునుండి ఆడుతున్న ఐజయ్యా వాంగ్ తరఫున అతని ఏజెంటు ఒక ప్రకటన చేశాడు. వాంగ్‌కు కూడా డబ్బు పెంచకపోతే అతడు జట్టు విడిచిపోతాడని దాని సారాంశం. ద్రాక్షతోటలో పొద్దంతా పనిచేసినవారి సణుగుడు మన చదువరులకు బాగా తెలిసినదే. తనకు ఎంత వస్తున్నదన్నది కాదు, నిన్న వచ్చినవానికి ఎంత ఇచ్చారన్నదే గుచ్చుకుంటుంది. వ్యాపారి ఒప్పందం తిరగరాయనన్నాడు. వాంగ్ వెళ్లలేదు. మరుసటి సంవత్సరం తమ పోటీ మండలిలో ఉత్తమ ఆటగాడు అతడే. 2023 మార్చిలో హ్యూస్టన్ మీద ప్యాక్ 26 పాయింట్లు సంపాదించాడు. మయామీ జట్టు తన చరిత్రలో మొదటిసారి చివరి నాలుగు జట్లలో నిలిచింది.

మరి ప్యాక్‌ను పోగొట్టుకున్న కాన్సాస్ స్టేట్ ఏమైంది? కొత్త కోచ్ జెరోమ్ టాంగ్ దాదాపు ఖాళీ చేతులతో మొదలుపెట్టినా, అదే సంవత్సరం ఆ జట్టు చివరి ఎనిమిదింటిలో నిలిచింది. న్యూయార్కు మాన్‌హట్టన్‌లో జరిగిన ఆటలో మిషిగన్ స్టేట్‌ను అదనపు సమయంలో ఓడించింది. ఆ రాత్రి పొట్టివాడైన మార్క్విస్ నోవెల్ తోటివారికి 19 సార్లు బంతి అందించి పాయింట్లు వేయించి, జాతీయ పోటీలలో కొత్త రికార్డు స్థాపించాడు. ఊరు ఊరంతా సంతోషంతో మురిసిపోయింది.

అయితే ఆ నోవెల్ ఎవరు? ఆర్కాన్సా రాష్ట్రంలోని లిటిల్ రాక్ కాలేజీ విడిచి వచ్చినవాడు. అతని పక్కన ఆడిన కియోంటే జాన్సన్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో ఆడుతూ 2020లో మైదానంలోనే కుప్పకూలి, ప్రాణాపాయం దాటి, ఆ తరువాత ఇక్కడికి వచ్చినవాడు. మన ఊరినుండి పోయినవాణ్ణి ద్రోహి అంటాము, మన ఊరికి వచ్చినవాణ్ణి దేవుడిచ్చిన బిడ్డ అంటాము. ఇద్దరూ నడిచింది ఒకే దారి. మనం నిలబడిన గడప మాత్రమే వేరు.

రెండవ కథ

ఆ దారిలోనే 2024లో మరొకడు వచ్చాడు. కోల్‌మన్ హాకిన్స్ ఇల్లినాయి విశ్వవిద్యాలయం తరఫున నాలుగేళ్లు ఆడి, చివరి సంవత్సరం కాన్సాస్ స్టేట్‌ను ఎంచుకున్నాడు. ఈసారి డబ్బు ఇచ్చేది ఈ ఊరివారే. ఆ మొత్తం ఇరవై లక్షల డాలర్లని పత్రికలు వ్రాశాయి. మన లెక్కలో పదహారు కోట్లకు పైమాట. ప్యాక్‌కు మయామీలో ఇచ్చినదానికి రెండున్నర రెట్లు.

ఆ సంవత్సరం జట్టు తడబడింది. పదహారు ఆటలు గెలిచి పదిహేడు ఓడింది. హాకిన్స్ ఆటకు సగటున పది పాయింట్లకు పైగా సంపాదించాడు, బంతులు పట్టాడు, అందించాడు. ఆ ఆట చెడ్డ ఆట కాదు. కాని జనం అతని ఆటను ఆటతో పోల్చలేదు, ఇరవై లక్షలతో పోల్చారు. గురి తప్పిన ప్రతి బంతికీ ధర కట్టారు.

2025 మార్చిలో తమ మండలి పోటీలో బేలర్ చేతిలో ఓడి సంవత్సరం ముగిసిన రోజున, ఇరవై మూడేళ్ల ఆ యువకుడు విలేఖరుల ముందు కూర్చొని ఏడ్చాడు. చాలామందిని నిరాశపరిచానని అన్నాడు. ఎప్పుడూ డబ్బు గురించే మాట్లాడటం తన కాలేజీ జీవితంలో ఎన్నడూ ఎరుగనిదని, సంవత్సరమంతా అది తనను లోపల తినివేసిందని చెప్పుకున్నాడు.

అది చూసినవారిలో చాలామంది మనసు కరిగింది. అంత డబ్బు తీసుకొని ఏడుపు ఎందుకన్నవారు కూడా లేకపోలేదు. డబ్బు తీసుకున్నవాడు మాట పడాలి, అది ధరలో కలిసే ఉన్నదని వారి వాదన. ఈ వాదన మన ఊళ్లలో కూడా వినబడేదే. హైదరాబాదులోనో, గల్ఫులోనో పెద్ద జీతం దొరికిన కుర్రవాడు సెలవుకు ఇంటికి వచ్చినప్పుడు ఊరు అతనిలో దేనిని చూస్తుంది? జీతం తెలియనంతకాలం అతడు ఫలానావారి అబ్బాయి. తెలిసిన తరువాత అతడు ఇచ్చిన కానుక చిన్నది, కట్టిన ఇల్లు చిన్నది, చేసిన పెండ్లి చిన్నది. దేనినైనా ఆ అంకె ప్రక్కన పెట్టి చూస్తాము.

రెండు బుట్టల ఆట

ఈ ఆట పుట్టుక క్రైస్తవ కుటుంబాలకు తెలిసి ఉండదగినది. 1891 డిసెంబరులో, అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో వై.ఎం.సి.ఏ. శిక్షణ పాఠశాలలో జేమ్స్ నెయిస్మిత్ అనే ఉపాధ్యాయుడు, చలికాలంలో గది లోపల ఆడుకోవడానికి యువకులకు ఏదైనా ఆట కావాలని, రెండు పీచు పండ్ల బుట్టలు బాల్కనీ కమ్మీకి కొట్టించి, పదమూడు నియమాలు వ్రాసిపెట్టాడు. వేదాంతవిద్య చదివినవాడు, 1916లో ప్రెస్బిటేరియన్ పాదిరిగా అభిషేకం పొందాడు. 1898 నుండి అతడు పనిచేసింది కూడా కాన్సాస్ రాష్ట్రంలోనే, లారెన్స్ పట్టణంలో. 1920లో హెచ్. సి. బక్ మద్రాసులో స్థాపించిన వై.ఎం.సి.ఏ. వ్యాయామ కళాశాల కూడా ఆ శాఖలోనిదే. అప్పుడు మన కోస్తా, రాయలసీమ జిల్లాలకు మద్రాసే రాజధాని.

నెయిస్మిత్ ఆ ఆటతో ధనవంతుడు కాలేదు. 2010లో అతని పదమూడు నియమాల కాగితాలు వేలంలో 43 లక్షల డాలర్లకు అమ్ముడుపోయాయి. డబ్బు ఆటలోకి నిన్న మొన్న దూరలేదు. తీసుకొనేవారి వరుసలో ఆడే పిల్లలు చివరగా చేరారు, అంతే. పనివాడు కూలి అడిగితే తప్పు అనలేము. తల్లికి ఇల్లు కట్టించాలని, తమ్ముణ్ణి చదివించాలని అనుకొనే కుర్రవానికి ఇటువంటి అవకాశం కొద్ది సంవత్సరాలే ఉంటుంది. మోకాలు ఒక్కసారి దెబ్బతింటే అదీ ఉండదు.

అలాగని ఊరివారి బాధ అబద్ధం కాదు. ఏటా కొత్త ముఖాలే వస్తుంటే పిల్లలు ఎవరి పేరు చొక్కా మీద వ్రాయించుకోవాలి? నాలుగేళ్లు కళ్లముందు ఎదిగిన ఆటగాణ్ణి చూసుకొనే సంతోషం తగ్గిపోతున్నది. ఆ నష్టానికి దుఃఖపడటం తప్పు కాదు. దుఃఖాన్ని ఇరవై ఏళ్ల కుర్రవాని మీద తిట్టుగా విసరడం వేరు. నియమాలు చేసినవారు పెద్దలు, ఒప్పందాలు వ్రాసినవారు పెద్దలు, చందాలు వేసినవారు పెద్దలు. మైదానంలో అందరి కళ్లముందు నిలబడేవాడు మాత్రం ఆ కుర్రవాడే.

తలిదండ్రులకు మేము చెప్పదలచిన మాట ఒక్కటే. మీ ఇంటి బిడ్డ జీతం పెరిగి వేరే ఊరికి వెళ్లిననాడు, ఎంత అని అడగండి, తప్పు లేదు. మరుసటి వారం ఫోను చేసినప్పుడు మాత్రం అన్నం తిన్నావా, నిద్ర పడుతున్నదా, అక్కడ నీతో మాట్లాడే మనిషి ఎవరైనా ఉన్నారా అని అడగండి. ఆ ప్రశ్నలు ఇంటివారు అడగకపోతే ఇంకెవ్వరూ అడగరు.