తొట్లకొండ మీది శిథిల విహారాలు

కోల్‌కతాలోని ఆసియాటిక్ సొసైటీకీ, విశాఖ తీరాన ఉన్న తొట్లకొండకూ సంబంధమేమని పాఠకులు అడుగవచ్చును. ఆ సంబంధం అక్షరానిది. కలకత్తా టంకశాలలో ఉద్యోగియై, ఆ సొసైటీకి కార్యదర్శిగా ఉండిన జేమ్స్ ప్రిన్సెప్ 1837లో బ్రాహ్మీలిపి రహస్యాన్ని విప్పినాడు. తొట్లకొండ మీది శాసనాలు ఆ లిపిలోనివే.

విశాఖ నుండి భీమునిపట్టణం పోయే తీరమార్గంలో, సుమారు పదిహేను కిలోమీటర్ల దూరాన ఈ కొండ ఉన్నది. వాననీటిని నిలుపుటకు రాతిలో తొలిచిన తొట్ల వలన దీనికి ఈ పేరు వచ్చినది. ఎదుట ఉన్నది ఉప్పునీరు. భిక్షువుల దాహం తీర్చినవి ఈ తొట్లే. రెండువేల ఏండ్లనాటి మహాస్తూపం, చైత్యగృహాలు, గదుల వరుసలు, భోజనశాల నేడు పునాదులుగా కనిపించును. శాతవాహన నాణెములతోపాటు రోమను వెండినాణెములు కూడ ఇక్కడ దొరికినవి. సర్వం త్యజించినవారి కొండకు ఇంత సొమ్ము ఎట్లు చేరినది? ఓడవర్తకుల దానములే విహారాలను పోషించినవని పండితుల అభిప్రాయం.

1976లో నౌకాదళం వారి విమాన పరిశీలనలో ఈ స్థలం బయటపడినది. 1988-1993 మధ్య రాష్ట్ర పురావస్తుశాఖ త్రవ్వకాలు జరిపినది. 2019 అక్టోబరు వానలకు, పునరుద్ధరించిన మహాస్తూపంలో కొంతభాగం కూలినది. కూలిన ఇటుకను తిరిగి పేర్చవచ్చును. మరపున పడిన కథను పేర్చుట కష్టం.

మనం వ్రాసే తెలుగులిపి ఆ బ్రాహ్మీ సంతతిదే. ఆ కొండ ఎక్కిన తెలుగు రచయిత పరాయి శిథిలాలను కాక, తన అక్షరపు పూర్వీకులను దర్శించి వచ్చును. స్తూపాన్ని కాపాడుట పురావస్తుశాఖ వంతు. దాని కథను జనుల వాడుకలో నిలుపుట మన వంతు.