అడుగున తిరిగే చేపకు ఏ ఇసుక?

పిల్లలూ! గాజుతొట్టిలో చేపల్ని పెంచాలని మీలో చాలామందికి సరదాగా ఉంటుంది. తొట్టి కొంటాం, నీళ్ళు పోస్తాం, అడుగున రంగురంగుల రాళ్ళు పరుస్తాం. ఆ రాళ్ళు ఎవరి కోసం? చూసే మన కోసమా, అందులో బ్రతికే చేప కోసమా? నీటి మధ్యలో ఈదే చేపకు అడుగున ఏమున్నా అంత పట్టింపు లేదు. కాని అడుగున తిరిగే చేపకు అదే పడక, అదే అన్నం పళ్ళెం.

మన ఏరుల్లో, చెరువుల్లో ఉండే మూడు చేపల్ని తీసుకుందాం. జెల్ల మూతి చుట్టూ మీసాలు ఉంటాయి. అవి అలంకారం కాదు. మన నాలుక మీద ఉన్నట్లే ఆ మీసాల మీద రుచి గుళికలు ఉంటాయి. బురదనీటిలో కళ్ళు కనబడకపోయినా, నేలను మీసాలతో తడిమి జెల్ల తన మేతను పోల్చుకుంటుంది. ఇసుక దొందు పేరులోనే ఇసుక ఉంది. అది అడుగున పొట్ట ఆన్చి కదలకుండా ఉంటుంది. బొమ్మిడాయి అయితే ఇసుకలో ఒళ్ళంతా దూర్చి, మూతి మాత్రం బయట పెడుతుంది.

ఇలాంటి చేపల్ని పదునైన కంకర మీద వదిలితే ఏమవుతుంది? మీసాలు, పొట్ట గీరుకుపోతాయి. ఆ గాయాల్లో సూక్ష్మజీవులు చేరతాయి. మీసాలు అరిగిన చేపకు మేత వెతుక్కోవడం కష్టం. పైగా మనం వేసిన మేత కంకర సందుల్లో పడి కుళ్ళుతుంది. దాని నుంచి వెలువడే అమ్మోనియా చేపలకు విషం. కాబట్టి గింజ 2 మిల్లీమీటర్ల కంటే చిన్నదిగా, అంచులు అరిగినదిగా ఉండాలి. ఇసుకను పిడికిట్లో గట్టిగా బిగించి చూడండి. గుచ్చుకుంటే అది పనికిరాదు. నీటిలో దొర్లి దొర్లి వచ్చిన ఏటి ఇసుక మెత్తగా తగులుతుంది. మిషన్లలో రాళ్ళు పగలగొట్టగా వచ్చిన రాతిపొడి గుచ్చుకుంటుంది.

స్పర్శ పరీక్ష అయింది. ఇక రసాయన పరీక్ష. నల్గొండ జిల్లాలోని మా దామరచర్ల మండలంలో వాడపల్లి దగ్గర మూసీ వచ్చి కృష్ణలో కలుస్తుంది. అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ, హైదరాబాదు మీదుగా గ్రానైటు నేలలు దాటి వస్తుంది. గ్రానైటు శిథిలమైతే గట్టిగా మిగిలేవి పలుగురాయి రేణువులు. పలుగురాయి మన తొట్టినీటిలో దాదాపు కరగదు. అయితే ఈ ప్రాంతంలోనే సున్నపురాయి కూడా విస్తారంగా ఉంది. సిమెంటు ఫ్యాక్టరీలు ఇక్కడ వెలసింది అందుకే. నునుపైన సున్నపురాయి ముక్క తొట్టిలో చూడముచ్చటగా ఉంటుంది. కాని అది నీటిని మార్చేస్తుంది.

ఎలాగంటారా? చేపలు శ్వాసించి వదిలే బొగ్గుపులుసు వాయువు నీటిలో కరిగి బలహీనమైన ఆమ్లమవుతుంది. అది సున్నపురాయిని కొద్దికొద్దిగా కరిగించి కాల్షియం బైకార్బొనేటుగా మారుస్తుంది. నీరు కఠిన జలమవుతుంది, క్షారగుణం పెరుగుతుంది. అంటే చేప ఊపిరే రాయిని కరిగిస్తోందన్నమాట!

ఇది అన్ని చేపలకూ చెరుపు కాదు. ఆఫ్రికాలోని టాంగన్యీకా సరస్సు నీరు సహజంగానే కఠినం. అక్కడి చేపలకు సున్నపురాయి నప్పుతుంది. దక్షిణ అమెరికా ఏరుల నుంచి వచ్చిన కోరిడోరస్ జాతుల్లో చాలావాటికి మృదు జలం కావాలి. అవి ఇసుకను నోట్లోకి తీసుకుని, మేత ఏరుకుని, మిగిలిన ఇసుకను మొప్పల సందుల్లోంచి వదులుతాయి. వాటికి సన్నని పలుగు ఇసుకే తగినది. ముందు చేపను తెలుసుకోండి, తరువాత ఇసుకను ఎన్నుకోండి.

సున్నపురాయిని పోల్చడం తేలిక. రాతిముక్క మీద నిమ్మరసం గాని, వెనిగర్ గాని నాలుగు చుక్కలు వేయండి. బుసబుస బుడగలు వస్తే అందులో సున్నం ఉన్నట్లే. పాలరాయి ముక్కలూ ఇలాగే పొంగుతాయి.

ఇసుక కోసం ఏటిలోని గుంటల్లోకి మాత్రం దిగకండి. ఇల్లు కట్టే చోట పెద్దల నడిగి, సిమెంటు కలవని ఇసుక అర బకెట్టు తెచ్చుకుంటే చాలు. సబ్బు వాడకుండా, నీరు తేటగా వచ్చేవరకు కడగండి. 3, 4 సెంటీమీటర్ల మందాన పరవండి. మరీ మందంగా పరిస్తే అడుగుకు ప్రాణవాయువు అందక ఇసుక నల్లబడి, కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తుంది. అది హైడ్రోజన్ సల్ఫైడు. ఇసుకంతా ఒకేసారి తీసి మార్చకండి. అమ్మోనియాను నైట్రేటుగా మార్చే మేలు బాక్టీరియా ఆ గింజల మీదే కాపురముంటాయి.

ఇక మీరు చేయవలసిన ప్రయోగం. రెండు సీసాల్లో వాననీరు పోయండి. ఒకదానిలో సున్నపురాయి పొడి, రెండోదానిలో కడిగిన పలుగు ఇసుక వేయండి. వారం రోజులు రోజూ గొట్టంతో రెండింటిలోకి ఊదండి. ఆ నీరు నోట్లోకి పోనివ్వకండి. తరువాత పైతేటను వేరే సీసాల్లోకి వంచి, చెరికాస్త సబ్బు వేసి కుదపండి. ఏ సీసాలో నురుగు తక్కువ వచ్చింది? ఎందుకు? మీ నోటుపుస్తకంలో రాసుకోండి.