తీగ కింద డీజిల్ పొగ

1925 ఫిబ్రవరి 3న బొంబాయి విక్టోరియా టెర్మినస్ నుంచి కుర్లాకు మన దేశపు తొలి కరెంటు రైలు నడిచింది. నూరేళ్లు తిరిగేసరికి బ్రాడ్‌గేజ్ దాదాపు మొత్తం కరెంటు తీగ కిందికి వచ్చింది. ఆ తీగ తెగితే బాగుచేయడానికి పరుగెత్తే టవర్ వ్యాగన్ మాత్రం ఎక్కువ చోట్ల నేటికీ డీజిల్ బండే.

కారణం లేకపోలేదు. 25 వేల వోల్టుల తీగ మీద చెయ్యి వేయాలంటే ముందు సరఫరా ఆపాలి, తీగను ఎర్త్ చేయాలి. పవర్ బ్లాక్ అంటే అదే. ఆ వేళ పైనుంచి కరెంటు రాదు కాబట్టి బండికి సొంత శక్తి ఉండి తీరాలి. కానీ అక్కడ అది చేసే పనెంత? ఒక స్తంభం దగ్గర ఆగుతుంది, నడక వేగంతో పక్క స్తంభానికి జరుగుతుంది, మళ్లీ ఆగుతుంది. పనివాళ్లు నిలబడే ప్లాట్‌ఫాం లేపడానికి, లైట్లు వెలగడానికి కాస్త శక్తి చాలు. దానికోసం దూరాలు పరుగెత్తడానికి పెట్టిన పెద్ద ఇంజిన్ తిరుగుతుంటుంది. పక్కనే పనిచేసేవాళ్లు ఆ పొగే పీల్చాలి. డీజిల్ పొగ క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2012లోనే తేల్చింది. ఇక ఆ మోతలో పక్క లైన్లో వచ్చే రైలు హారన్ వినపడకపోతే ప్రాణాలకే ముప్పు.

లండన్ భూగర్భ రైల్వే ఈ చిక్కు ఏనాడో విప్పుకుంది. అక్కడ మరమ్మతు సామాను లాగే ఇంజిన్లు పట్టాల్లో కరెంటు ఉంటే దానితో, రాత్రి సరఫరా ఆపాక బ్యాటరీతో నడుస్తాయి. ఆస్ట్రియాకు చెందిన ప్లాసర్ అండ్ థాయరర్ తీగ కరెంటుతోనూ డీజిల్‌తోనూ పనిచేసే ట్రాక్ యంత్రాలు తయారుచేస్తోంది. ఆ కంపెనీకి మన ఫరీదాబాద్‌లో ఫ్యాక్టరీ ఉంది.

కొత్తవి కొనేదాకా ఆగక్కర్లేదు. మన టవర్ వ్యాగన్లలో డీజిల్-ఎలక్ట్రిక్ రకం ఉంది. అందులో ఇంజిన్ కరెంటు పుట్టిస్తే, చక్రాలను తిప్పేది మోటార్లు. కాబట్టి పెద్ద ఇంజిన్ తీసేసి బ్యాటరీలు, చిన్న జనరేటర్ అమరిస్తే మోటార్లు అలాగే పనికొస్తాయి. డిపోలో నిలిచి ఉన్నప్పుడు ఛార్జ్ చేయాలి, బ్లాక్‌లో బ్యాటరీతో నడపాలి, దూరం పోవలసి వస్తే జనరేటర్ వాడాలి. డీజిల్-హైడ్రాలిక్ బండ్లలో ఇంత సులువు కాదు. వాటికి గేరు వ్యవస్థే మార్చాలి. తీగ నుంచి నేరుగా కరెంటు తీసుకోవాలంటే ట్రాన్స్‌ఫార్మర్ బరువు కూడా మోయాలి. అందుకే తొలి అడుగుగా బ్యాటరీయే మేలు.

చేతకాని పనేం కాదిది. వారణాసిలో పాత డీజిల్ ఇంజిన్లను మన ఇంజినీర్లే కరెంటు ఇంజిన్‌గా మార్చారు. 2019లో ప్రధాని దానికి జెండా ఊపారు. 2020లో జబల్‌పూర్ రైల్వే డివిజన్‌లో తీగతోనూ బ్యాటరీతోనూ నడిచే షంటింగ్ ఇంజిన్ ‘నవదూత్’ వచ్చింది.

ఇక ఎక్కడ మొదలుపెట్టాలి? కొత్తవలస–కిరండూల్ మార్గంలో అరకు కొండల మీదుగా 50కి పైగా సొరంగాలున్నాయి. సొరంగంలో పొగకు పోయే దారి తక్కువ. రైల్వే బోర్డు మార్పించే తొలి టవర్ వ్యాగన్‌ను ఆ మార్గానికే కేటాయించాలి.