ఈతకొలనుకు అంటగట్టిన మహిమలు

వెనుకటి దినములలో వేసవి సెలవులు రాగానే వీపునకు బెండ్లు కట్టుకొని దిగుడుబావిలోనికి దుమికెడి కుఱ్ఱవానిని చూచి, "అదేపనిగా నీళ్లలో నానినావంటే పడిశము పట్టి బుఱ్ఱ మొద్దుబారిపోతుందిరా, చదువు అటకెక్కుతుంది" అని గట్టుమీదినుండి కేకలు వేయని పెద్దలు అరుదు. నేడు నగరములలో అట్టి పెద్దల మనుమలనే తెల్లవారకముందే స్విమ్మింగ్ పూల్‌నకు గొనిపోయి, నెలకింతయని రుసుము చెల్లించి, ఈత వలన మెదడు పదునెక్కి పోటీ పరీక్షలలో ర్యాంకులు వచ్చునని నమ్ముచున్నవారు కానవచ్చుచున్నారు. నీరు మాఱలేదు, దానిమీద మోపిన నేరమే మహిమగా మాఱినది. వీనిలో మొదటి నమ్మకము ఒక్క వాక్యముతో తీరిపోవును: పడిశము వైరసుల మూలమున అంటుకొనునే గాని నీటిలో నానుట చేత పుట్టదు. రెండవది మాత్రము సత్యమిశ్రితమైనది గనుక, కొంత ఓపికతో విడదీసి చూడవలసియున్నది.

నీటిలో దిగినంతనే మెదడునకు రక్తప్రసారము హెచ్చి బుద్ధి వికసించునందురు. ఈ మాటలో పూర్వార్ధము నిజమే. మనుష్యుడు రొమ్ములోతు నీటిలో నిలిచినపుడు, చుట్టునున్న నీటి ఒత్తిడి కాళ్లలోని రక్తమును గుండెవైపునకు నెట్టగా, మెదడునకు పోవు ధమనులలో రక్తవేగము కొంత పెరుగును. నిలువనిది ఉత్తరార్ధము. న్యూజీలాండు దేశమందలి ఒటాగో విశ్వవిద్యాలయమువారు 2019లో ప్రకటించిన పరిశోధనలో, ఇరువది యేండ్ల ప్రాయము అటునిటుగా గల 18 మంది క్రీడాకారులను, అనగా నేలమీది ఆటలవారు 10 మందిని, ఈతగాండ్రు 8 మందిని, నిలువబెట్టియు బోరగిల పరుండబెట్టియు, నేలమీదను నీటిలోను ఉంచి, దేని పాలు దానికి పంచి చూచిరి. బోరగిల పరుండుట మాత్రము చేతనే ధమనిలో రక్తవేగము హెచ్చినది. అట్లు పరుండినవారిని నీటిలో దింపినందున అదనముగా ఒరిగినదేమియు లేదు. ఊరక నీటిలో నుండుట వలన బుద్ధిపరీక్షలలో మేలు కానరాలేదు. 20 నిమిషములు మితమైన వేగముతో బ్రెస్ట్‌స్ట్రోక్ ఈదిన పిమ్మటనే, ఈతగాండ్రకును తక్కినవారికిని గూడ, చుఱుకుదనము కలిగినది. అనగా ఘనత దేహశ్రమకు చెందవలసినది, నీటికి గాదు. పరీక్షింపబడినవారు పదునెనమండుగురే యను మాటయు మఱువరాదు. ఇంత చిన్న లెక్కకు కొలను గుమ్మమున బోర్డు వ్రేలాడదీయుట తొందరపాటగును.

ఇక ఆ మేలు ఎంతటిది? ఒకమాఱు చేసిన వ్యాయామము బుద్ధిపై చూపు ప్రభావమును గూర్చిన 79 అధ్యయనములను ఒక్కచో చేర్చి 2012లో తూచి చూడగా, మేలు కలదు గాని మిక్కిలి స్వల్పమని తేలినది. పెరుగునది తెలివియు గాదు, జ్ఞానమును గాదు. చూచినదానికి వెంటనే స్పందించు వేగము, దృష్టిని ఒకచోట నిలుపు శక్తి, తొందరపాటు నణచుకొను నేర్పు మున్నగునవి కొలదిసేపు కొంచెము మెఱుగగును. యౌవనమున ఈ శక్తులు స్వభావముచేతనే ఉచ్చస్థితిలో నుండును గనుక, నిండిన కుండలో పోసిన నీరువలె, క్రొత్తగా చేరునది కొంచెమే. ఒకనాడు ఈదివచ్చినంత మాత్రమున లెక్కలు రానివానికి లెక్కలు రావు.

ఎంత కష్టించిన అంత ఫలమనుటయు అపోహయే. అమెరికాలోని డెలావేర్ విశ్వవిద్యాలయమున 6 మొదలు 12 ఏండ్ల వఱకు గల పిల్లలకు క్రొత్త మాటలు నేర్పి, కొందఱిని ఈదించి, కొందఱిచే క్రాస్‌ఫిట్ కసరత్తులు చేయించి, కొందఱిని బొమ్మలకు రంగులు వేయుచు కూర్చుండనిచ్చిరి. 2021లో ప్రకటితమైన ఫలితముల ప్రకారము ఈదినవారు 13 శాతము మెఱుగుగా ఆ మాటలను గుర్తించిరి. అంతకంటె కఠినమైన కసరత్తు చేసినవారికి విశేషమేమియు లేకపోయెను. ఈత ఆ పిల్లలకు తెలిసిన విద్య, కసరత్తులు క్రొత్తవి. వానిని నేర్చుకొనుటయందే బుద్ధి అలసెనేమో యని పరిశోధకుల ఊహ. పిల్లల సంగతి యువకులకు అచ్చముగా వర్తించునని నేననను. చన్నీటి మహిమయు ఇట్టిదే. 2023లో ఇంగ్లాండునందలి బోర్న్‌మత్ విశ్వవిద్యాలయమువారు 33 మందిని 20 డిగ్రీల నీటిలో 5 నిమిషములుంచగా, వారి మనస్సునకు ఉత్సాహము కలిగినదని తెలిసినది. ఉత్సాహము వేఱు, మేధ వేఱు.

అపోహలలో ప్రాణము తీయగలది ఒక్కటి కలదు. ఊపిరి బిగబట్టి నీటి అడుగున ఎంతసేపున్న మెదడు అంత బలపడునని కొందఱు యువకులు పందెములు వేసికొందురు. మునుగుటకు ముందు గబగబ పలుమాఱులు దీర్ఘముగా శ్వాసించినచో ఎక్కువసేపు నిలువవచ్చునని ఒకరికొకరు బోధించుకొందురు. మనలను ఊపిరికై ఆత్రపెట్టునది ముఖ్యముగా ఆమ్లజని కొఱత గాదు, రక్తమున పేరుకొను బొగ్గుపులుసు వాయువు. గబగబ శ్వాసించినపుడు ఆ వాయువు తఱగిపోవును గాని, దేహమున ఆమ్లజని నిల్వ లెక్కింపదగినంత పెరుగదు. అందుచే హెచ్చరించు ఘంట మ్రోగకమునుపే ఆమ్లజని నిండుకొని, మునిగినవాడు చప్పుడు లేక స్పృహ తప్పును. చక్కగా ఈత వచ్చినవారును ఇట్లు మరణించియున్నారు; గట్టుమీదివారికి వాడు సరదాగా అడుగున నున్నట్లే తోచును.

చివరగా ఎలుకల సాక్ష్యము. ఈత వలన మెదడులో క్రొత్త నాడీకణములు పుట్టునని చెప్పువారు తఱచు ఎలుకలపై జరిగిన పరిశోధనల పేరెత్తుదురు. 1999లో హెన్రియెట్ వాన్ ప్రాగ్, ఆమె సహచరులు చుంచెలుకలను పరిశీలించినపుడు, చక్రములో తమంతట పరుగెత్తినవాని మెదడులో జ్ఞాపకశక్తికి నెలవైన భాగమున బ్రతికి నిలిచిన క్రొత్త కణములు రెట్టింపైనవి. ఈదినవానిలో అట్టి పెరుగుదల కానరాలేదు. దీనిని పట్టుకొని ఈత వ్యర్థమనుటయు అన్యాయమే. పరుగెత్తినవి తమకు తోచినంతసేపు పరుగెత్తినవి. ఈదినవి దినమునకు స్వల్పకాలమే ఈదినవి, అదియును తమ యిచ్ఛతో గాదు, పట్టి నీటిలో విడిచినందున.