‘కల్చరల్లీ’ అంటే ఏమిటి?

ఇంట్లో ఇంగ్లీషు చదువుతున్న పిల్లలుంటే ‘కల్చరల్లీ’ అన్న మాటకు తెలుగేమిటో ఒకసారి అడిగి చూడండి. ‘సాంస్కృతికంగా’ అని తడుముకోకుండా చెబుతారు. తప్పులేదు. ‘కల్చర్’ లాటిన్ నుంచి వచ్చిన మాట. అక్కడ దాని అర్థం నేల సాగుచెయ్యడం. వంగదేశంలో దానికి ‘కృష్టి’ అన్నవారున్నారు. అందులోనూ దున్నకమే ఉంది. కాని రవీంద్రనాథ ఠాకూరుకు ఆ మాట బొత్తిగా గిట్టలేదు, ‘సంస్కృతి’నే మెచ్చుకున్నారు. దాన్ని ‘సాంస్కృతికం’ చేసి, చివర ‘గా’ తగిలిస్తే మన మాట తయారు.

చిక్కల్లా వాడుకలో వస్తుంది. మంచిర్యాలను ఆనుకుని ఉన్న నస్పూరునే తీసుకోండి. అది మొదట ఆదిలాబాదు జిల్లాలో ఉండేది. 2016లో మంచిర్యాల జిల్లాలోకి వచ్చింది. గోదావరి దాటితే పాత కరీంనగరం జిల్లా. ‘జిల్లా ఏదైనా, కల్చరల్లీ మేము కరీంనగరం వాళ్లమే’ అని అక్కడ ఒకరన్నారనుకోండి. పండుగలు, వంటలు, మాటతీరు, ఇచ్చిపుచ్చుకోవడాలు - వీటివరకే ఆ మాట అని అర్థం. ఇక్కడ ఆ మాట హద్దు గీస్తుంది. ‘పద్ధతుల్లో చూస్తే’ అంటే సరిపోతుంది; ‘సాంస్కృతికంగా’ అని గొంతు సవరించుకోనక్కర లేదు.

రెండో వాడుకతోనే జాగ్రత్త కావాలి. అక్కడ ఆ మాట కారణమై కూర్చుంటుంది. ‘కల్చరల్లీ, మన ఆడవాళ్లు బొగ్గుబాయిలోకి దిగరు’ అన్న వాక్యం చూడండి. పక్కనే సింగరేణి వారి శ్రీరాంపూర్ గనులున్న ఊళ్లో అది వినడానికి ఎంతో సహజంగా ఉంటుంది. కాని నిజమేనా?

1920ల దాకా ఈ దేశపు బొగ్గుగనుల్లో వేలాది స్త్రీలు మగవారితోపాటు భూగర్భంలో పనిచేశారు. 1929లో నిబంధనలు వచ్చాయి. వారిని క్రమంగా తప్పిస్తూ, 1937 నాటికి పూర్తిగా పైకి పంపేశారు. యుద్ధం వచ్చి బొగ్గుకు కటకట ఏర్పడగానే 1943లో కొన్ని రాష్ట్రాల్లో నిషేధం ఎత్తివేసి మళ్లీ దింపారు! 1946లో మళ్లీ వద్దన్నారు. అవసరం పడ్డప్పుడు సంస్కృతి ఎవరికీ అడ్డు రాలేదన్నమాట. ఆ తరువాత 1952 నాటి గనుల చట్టం, 46వ సెక్షను కింద, స్త్రీలు భూగర్భంలో పనిచెయ్యరాదన్నది. అంటే పై వాక్యంలో ‘కల్చరల్లీ’ ఉన్నచోట ఉండవలసిన మాట ‘చట్టప్రకారం’.

ఆ చట్టమైనా తరువాత సడలింది. 2019లో కేంద్రం సాంకేతిక, పర్యవేక్షక, నిర్వాహక పనులకు స్త్రీలను భూగర్భంలోకి అనుమతించింది. ఉదయం 6 నుంచి సాయంత్రం 7 లోపల, ఆమె వ్రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే, ఒక షిఫ్టులో ముగ్గురికి తక్కువ కాకుండా - ఇవీ అప్పుడు పెట్టిన షరతులు.

కనుక మైనింగు చదువుతానన్న అమ్మాయితో ఇంట్లో పెద్దవారెవరైనా ‘కల్చరల్లీ మనకు కుదరదమ్మా’ అంటే, ‘ఎప్పటినుంచి తాతయ్యా?’ అని ఆమె అడగవచ్చు. ఆ ప్రశ్నకు జవాబుగా ఒక సంవత్సరం చెప్పవలసి వస్తే, అది సంస్కృతి కాదు, ఉత్తర్వు.