మూడో వంతు ఎక్కడిది?

బీటెక్ అయ్యాక నా మొదటి ఇంటర్వ్యూ. "శంకువు ఘనపరిమాణం ఎంత?" అని అడిగారు. 'మూడో వంతు పై ఆర్ స్క్వేర్ హెచ్' అని టక్కున చెప్పేశా. "ఆ మూడో వంతు ఎక్కడిది?" అన్నారు. నోరు పెగల్లేదు. పదో తరగతి నుంచి వాడుతున్న సూత్రమే మరి! పోటీ పరీక్షల్లో మెన్సురేషన్ అంటే భయపడే చాలామందిదీ ఇదే సమస్య. సూత్రం నోటికి వస్తుంది, లెక్క కంటికి కనిపించదు.

కనిపించాలంటే ఒక ఘనాన్ని ఊహించుకోండి. దాని ఒక మూలను ఎంచుకోండి. ఆ మూలను తాకని ముఖాలు మూడు ఉంటాయి. ఒక్కో ముఖాన్ని అడుగు భాగంగా తీసుకుని ఆ మూలకు కలిపితే మూడు పిరమిడ్లు వస్తాయి. మూడూ ఒకే కొలత, మూడూ కలిస్తే ఘనం. అంటే ఒక్కోటి మూడో వంతు! అడుగు వైశాల్యం, ఎత్తు అంతే ఉంచి అడుగును గుండ్రంగా మార్చినా వాటా మారదు. ఏ ఎత్తులో అడ్డంగా కోసినా రెండింటి ముక్కల వైశాల్యం సమానమే కాబట్టి. అందుకే శంకువుకూ అదే మూడో వంతు.

కుప్ప చుట్టూ టేపు

కోతల సీజన్‌లో నల్లగొండ జిల్లాలో ఏ కొనుగోలు కేంద్రానికైనా వెళ్లండి. గుండ్రంగా పోసిన వడ్ల కుప్ప శంకువే. దాని వ్యాసార్థం కొలవలేం కానీ చుట్టూ టేపు పట్టగలం. భాస్కరాచార్యుడు 1150లో రాసిన 'లీలావతి'లో దీనికో పద్ధతి ఉంది. చుట్టుకొలతలో ఆరో వంతును వర్గం చేసి, ఎత్తుతో గుణించాలి. వడ్ల లాంటి శూకధాన్యమైతే కుప్ప ఎత్తు చుట్టుకొలతలో తొమ్మిదో వంతు ఉంటుందని కూడా చెప్పాడు.

చుట్టుకొలత 18 మీటర్లు, ఎత్తు 2 మీటర్లు అనుకుందాం. ఆ పద్ధతిలో 18 ఘనపు మీటర్లు వస్తుంది. మన సూత్రంతో 17.2. తేడా ఎందుకంటే, అక్కడ పై విలువను 3గా తీసుకున్నారు. ఘనపు మీటరు వడ్లు సుమారు 570 కిలోలు అనుకుంటే కుప్పలో 98 క్వింటాళ్లు. 40 కిలోల సంచులైతే దాదాపు 245 కావాలి. కొనేది కాంటా మీదే అయినా, సంచులెన్ని అడగాలో, లారీ ఎంతది కావాలో ముందే తెలుస్తుంది.

మట్టి లెక్క, కూలి లెక్క

పాలమూరు వైపు ఇదే లెక్క కూలి డబ్బుతో ముడిపడింది. ఎక్కడెక్కడి డ్యాముల దగ్గరో మట్టి పని చేసిన పాలమూరు కూలీల గురించి వినే ఉంటారు. ఉపాధి హామీలోనూ మట్టి పనికి కూలి కట్టేది కొలతల మీదే. చేనులో తవ్విన నీటి కుంటను చూడండి. పైన 10 మీటర్ల చదరం, అడుగున 6 మీటర్ల చదరం, లోతు 2 మీటర్లు. ఇది కొన నరికి తలకిందులు చేసిన పిరమిడ్. గోడల వాలును అలాగే పొడిగిస్తే 5 మీటర్ల లోతులో కొన వస్తుంది. పెద్ద పిరమిడ్ 166.67 ఘనపు మీటర్లు. అందులోంచి 3 మీటర్ల ఎత్తున్న చిన్న పిరమిడ్ 36 తీసేస్తే 130.67.

ఇక్కడే పొరపాట్లు జరుగుతాయి. పై, అడుగు వైశాల్యాల సగటు తీస్తే 136 వస్తుంది. అది తవ్వని మట్టికి డబ్బు. మధ్యలో 8 మీటర్ల కొలత పట్టుకుని గుణిస్తే 128. ఒక్క కుంటలో రెండున్నర ఘనపు మీటర్లకు పైగా కష్టం లెక్కలోకి రాదు. వంద కుంటలైతే? కూలీలు రెండు కుంటలు ఉత్త పుణ్యానికి తవ్వినట్టే!

రేపు టెక్నికల్ అసిస్టెంట్‌గానో, ఏఈగానో మెజర్‌మెంట్ బుక్‌లో ఆ అంకె రాసేది మీరే కావచ్చు. కాబట్టి సూత్రం మర్చిపోయినా ఈ దారి గుర్తుంచుకోండి. పెద్ద ఆకారం పూర్తి చేయండి, చిన్నది తీసేయండి.

సివిల్ మిత్రులకు ఓ చిన్న పని. కాంక్రీట్ పరీక్షకు వాడే స్లంప్ కోన్ ఎత్తు 30 సెంటీమీటర్లు, అడుగు వ్యాసం 20, పై వ్యాసం 10. ఎన్ని లీటర్లు పడుతుంది? సూత్రం చూడకుండా చేయండి. జవాబు ఐదున్నర లీటర్లు వస్తే, ఆ ఇంటర్వ్యూలో నేను చెప్పలేకపోయింది మీరు చెప్పగలరు.